నల్లబడిన పొలుసుల గురించి ఒక మనవి

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, తోట పనులు ఆపుకొని వచ్చిన రైతు సోదర సోదరీమణులకు నమస్కారం. నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పిన మిత్రులకు కృతజ్ఞతలు. జీవ నియంత్రణ, అంటే పంటను తినే పురుగులను వాటిని తినే పురుగులతోనే అణచడం. దాని చరిత్ర, నేటి పద్ధతులు, రేపటి అవకాశాలు అని మూడు భాగాలుగా మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అలాగే రాసుకొని వచ్చాను. కానీ చాలాకాలంగా నన్ను వేధిస్తున్న విషయం ఒకటి ఉంది. పంటకు మేలు చేసే మిత్ర పురుగులను గుర్తించలేక మనమే మందు కొట్టి చంపుకుంటున్నాం. అది చెప్పకుండా వేదిక దిగలేను. మూడో భాగానికి సమయం చాలకపోతే మన్నించండి.

చరిత్రతో మొదలుపెడతాను. 1880ల్లో కాలిఫోర్నియా నారింజ, నిమ్మ తోటల మీద ఒక పొలుసు పురుగు విరుచుకుపడింది. దాని పేరు ఐసీరియా. తెల్లటి గుడ్ల సంచిని వెనుక అంటిపెట్టుకొని కొమ్మలకు అతుక్కుపోయి రసం పీల్చే పురుగు. ఏ మందుకూ అది లొంగలేదు. విసిగిపోయిన రైతులు కొందరు చెట్లను పెరికి తగలబెట్టారు. అప్పుడు చార్లెస్ వాలెంటైన్ రైలీ అనే కీటక శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. ఈ పురుగు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడ ఇంతటి బెడద లేదంటే దాన్ని తినేవి అక్కడ ఉండి ఉండాలి. అవి లేకుండా ఇది ఒక్కటే ఓడెక్కి వచ్చింది. 1888లో ఆల్బర్ట్ కోబెలే ఆస్ట్రేలియా వెళ్లి, రొడోలియా అనే ఎర్రటి అక్షింతల పురుగులను పంపించాడు. మొదటి విడతల్లో చేరినవి 129. లాస్ ఏంజెలిస్‌లో పురుగు పట్టిన ఒక నారింజ చెట్టు చుట్టూ గుడారం కట్టి వాటిని లోపల వదిలారు. పెరిగిన కొద్దీ చుట్టుపక్కల తోటలకు పంచారు. 1889 ముగిసేసరికి తోటలు తేరుకున్నాయి.

ఈ కథను అందరూ ఇక్కడితో ఆపేస్తారు. రెండో సగం ఎవరూ చెప్పరు. 1940ల్లో అవే కాలిఫోర్నియా తోటల్లో డీడీటీ అనే పురుగుమందు కొట్టడం మొదలైంది. అక్షింతల పురుగులు చచ్చాయి. అర్ధ శతాబ్దం పైగా అణిగి ఉన్న ఐసీరియా మళ్లీ కొమ్మలు కప్పేసింది. మందు ఆపి, అక్షింతల పురుగులను తిరిగి వదిలిన తరువాత గానీ అది తగ్గలేదు. మిత్ర పురుగు చేసే పని అది ఉన్నన్నాళ్లూ కనిపించదు. పోయిన తరువాతే తెలుస్తుంది. నా బాధ అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

పాలీహౌస్‌ల దగ్గరికి వస్తాను. మీలో టమాటా, దోస వేసేవారు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి తెల్లదోమ గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఆకు అడుగున గుంపులుగా పడి రసం పీలుస్తుంది, జిగురు కారుస్తుంది, ఆ జిగురు మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. దీనికి విరుగుడు ఎన్‌కార్సియా ఫార్మోసా అనే చిన్న కందిరీగ. కందిరీగ అనగానే కుడుతుందని భయపడకండి, దాని పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తల, ఛాతీ నల్లగా, పొట్ట పసుపుపచ్చగా ఉంటుంది. దాదాపు అన్నీ ఆడవే. ఆకుకు అతుక్కొని కదలకుండా ఉండే తెల్లదోమ పిల్లపురుగును మీసాలతో తడిమి చూసి, దాని ఒంట్లో ఒక గుడ్డు పెడుతుంది. కొన్నింటిని పొడిచి రసం తాగి కూడా చంపుతుంది. లోపల పొదిగిన కందిరీగ పిల్ల ఆ తెల్లదోమ పిల్లపురుగును తింటూ పెరుగుతుంది. ఇంచుమించు పది రోజులకు, పొలుసులా ఆకుకు అతుక్కున్న ఆ పిల్లపురుగు నల్లబడుతుంది. దాన్నే పొలుసు అంటున్నాను.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నల్లబడుతుంది. దయచేసి ఈ మాట రాసుకోండి.

1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా సాగుదారు తన గాజు ఇంట్లో తెల్లదోమ పొలుసుల మధ్య ఇలాంటి నల్లటివి గమనించాడు. అవి ఏమిటో తెలియక తీసుకెళ్లి చెషంట్ పరిశోధన కేంద్రంలో స్పేయర్ అనే శాస్త్రవేత్తకు చూపించాడు. వాటి నుంచే ఎన్‌కార్సియా బయటపడింది. కొన్నేళ్లకే అక్కడ వాటిని లక్షల సంఖ్యలో పెంచి సాగుదారులకు పంపారు. తోటలో తెలియనిది కనిపిస్తే మందు కొట్టకుండా అడిగిన మనిషి ఆయన. పేరు తెలియకపోయినా ఆయనకు నేను మనసులో ఎన్నోసార్లు నమస్కరించాను.

ఇప్పుడు నేను చూసినది చెబుతాను. ఎక్కడో, ఎవరిదో చెప్పను. చక్కటి టమాటా పంట. ఎన్‌కార్సియా కార్డులు, అంటే కందిరీగ పిల్లలున్న పొలుసులు అంటించిన అట్టముక్కలు, సక్రమంగా కట్టారు. కొన్ని వారాలకు కింది ఆకుల మీద పొలుసులు నల్లబడటం మొదలైంది. అంటే పని జరుగుతోంది. నేను వెళ్లేసరికి లోపల మందు వాసన. ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి, ఏదో తెగులు సోకిందని ముందు రోజు సాయంత్రం పైరిత్రాయిడ్ రకం పురుగుమందు, శిలీంధ్రనాశిని కలిపి కొట్టించారు. ఒక ఆకు తుంచి భూతద్దం కింద పెట్టాను. ఒక నల్లటి పొలుసుకు పైన గుండ్రటి రంధ్రం. ఆ రంధ్రంలోంచి తల, ముందరి కాళ్లు బయటికి వచ్చిన కందిరీగ అక్కడే ఎండిపోయి ఉంది. ఆకు ఆకుకూ అదే వరుస. ఆ పర్యవేక్షకుడు చదువుకున్నవాడు, పంటను ప్రాణంగా చూసుకునేవాడు. అతన్ని నేను తప్పుపట్టను. కార్డులు అమ్మినవారు నల్లబడుతుందన్న ఒక్క మాట చెప్పలేదు, ఒక్క బొమ్మ ఇవ్వలేదు. నా కోపమంతా వారి మీదే. పైగా ఆ రకం మందు అవశేషాలు వారాల తరబడి ఆకు మీద నిలిచి, కొత్తగా వదిలిన కందిరీగలను కూడా చంపుతాయి. అంటే మళ్లీ కార్డులు తెచ్చి కట్టినా వెంటనే ఫలితం ఉండదు. తెల్లదోమకు ఆ మందులంటే చాలాచోట్ల ఏనాడో భయం పోయింది. యుద్ధానంతరం డీడీటీ రాగానే ఇంగ్లండ్‌లో ఎన్‌కార్సియాను పక్కన పెట్టేసి, తెల్లదోమ మందులను తట్టుకోవడం మొదలయ్యాక 1970ల్లో మళ్లీ దాన్ని వెతుక్కున్నారు. ఒకసారి నేర్చిన పాఠం మనం మళ్లీ ఎందుకు నష్టపోయి నేర్వాలి?

మీలో ఎంతమంది జేబులో చేతి భూతద్దం ఉంది? ఒకసారి చేతులెత్తండి. పది రెట్లు పెంచి చూపేది చాలు. తెల్లదోమ బయటికి వచ్చిన ఖాళీ తొడుగు మీద ఇంగ్లీషు టీ అక్షరం లాంటి చీలిక ఉంటుంది. కందిరీగ వచ్చిన దాని మీద సూదితో తొలిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఏ రకం తొడుగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఎవరిది పైచేయో మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి. పాలీహౌస్‌ల తెల్లదోమలో పొలుసు నల్లబడుతుంది. పొగాకు తెల్లదోమలో అయితే గోధుమరంగుకు మారుతుంది. కాబట్టి ముందు మీ తెల్లదోమ ఏదో తెలుసుకోవాలి.

కింది ఆకులు తీయడం గురించి కూడా చెప్పాలి. టమాటాలో ముదురు ఆకులు తుంచేస్తాం. నల్లటి పొలుసులు ఎక్కువగా ఉండేది ఆ ఆకుల మీదే. వాటిని అప్పటికప్పుడు బయట పారేస్తే కార్డులకు పెట్టిన డబ్బూ వాటితోనే పోతుంది. కందిరీగలు ఇంకా బయటికి రాకపోతే ఆ ఆకులను కొన్నాళ్లు మొక్కల మొదళ్లలోనే ఉంచండి. చల్లటి రోజుల్లో, అంటే ఉష్ణోగ్రత 18 డిగ్రీల కంటే తగ్గితే కందిరీగ ఎగరడానికి బద్ధకిస్తుంది. ఆకులు జిగురు కారుతుంటే నడవలేక ఒళ్లు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. కాబట్టి తెల్లదోమ కనిపించిన మొదటి వారంలోనే వదలాలి. ఆకులు నల్లబూజు పట్టాక వదిలి, పని చేయలేదనడం న్యాయం కాదు.

ఎర్రనల్లిని తినే ఫైటోసియులస్ అనే నల్లి సంగతీ ఇంతే. నారింజరంగులో ఉండి చకచకా పరుగెత్తుతుంది. ఎర్రనల్లి ఉన్నంతకాలమే బతుకుతుంది, ఆహారం అయిపోతే చచ్చిపోతుంది. గాలి మరీ పొడిగా ఉంటే దాని గుడ్లు పొదగవు. 1958లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద దాన్ని గుర్తించారు. అప్పుడు కూడా ఎవరో వంగి చూడబట్టే దొరికింది.

పండ్ల తోటల రైతులు మమ్మల్ని మరిచారా అన్నట్టు చూస్తున్నారు. మీకు ఒక మేలు ఉంది. తోట ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఒకసారి కుదురుకున్న మిత్ర పురుగు వెళ్లిపోదు. బొప్పాయి పిండినల్లి మన దేశంలో తోటలను తుడిచిపెడుతున్నప్పుడు, 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగను తెచ్చి వదిలారు. నెలల్లోనే పిండినల్లి తగ్గుముఖం పట్టింది. అయితే మీ తోటలో చీమలను చూసుకోండి. పిండినల్లి కార్చే జిగురు కోసం అవి దానికి కాపలా కాస్తాయి, వచ్చిన కందిరీగలను, అక్షింతల పురుగులను తరిమేస్తాయి. కొమ్మలు నేలకు తగలకుండా కత్తిరించి, కాండం చుట్టూ జిగురు పట్టీ కట్టండి. అక్షింతల పురుగుల్లో క్రిప్టోలేమస్ అనేదాని పిల్లపురుగు తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. దాన్ని కూడా పిండినల్లి అనుకొని మందు కొట్టేవారున్నారు. పిండినల్లి దాదాపు కదలకుండా ఉంటుంది, ఇది చురుకుగా తిరుగుతుంది. చూడకుండా చంపకండి అని బతిమాలుతున్నాను.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. రేపటి అవకాశాల భాగాన్ని వదిలేస్తున్నాను. అధ్యక్షులకు ఒక్క విన్నపం. మిత్ర పురుగులను అమ్మే ప్రతి కార్డు మీద, ప్రతి డబ్బా మీద అవి పని చేస్తున్నప్పుడు ఆకు ఎలా కనిపిస్తుందో తెలిపే రంగుల బొమ్మ తప్పనిసరిగా ఉండాలి. వదిలిన తరువాత ఏ మందులు ఎన్నాళ్లు కొట్టకూడదో స్థానిక భాషలో రాసి ఉండాలి. ఈ రెండింటినీ నేటి సభ తీర్మానాల్లో చేర్చి, సాయంత్రం సభ ముగిసేలోపు చదివి వినిపించాలని కోరుతున్నాను. వెనుక బల్ల మీద టమాటా ఆకులు, భూతద్దాలు పెట్టించాను. విరామంలో నేను అక్కడే ఉంటాను, రండి.