ట్రైనింగ్ అయి వచ్చిన డాక్టర్‌ని ల్యాబులోనే ఉంచండి

అందరికీ నమస్కారం.

గన్నవరం వెటర్నరీ కాలేజీ నుంచి వచ్చిన ఫైనలియర్ పిల్లలకి, కృష్ణా, గుంటూరు, పల్నాడు ఊళ్లల్లో పొద్దున్నే కేసులు చూసుకుని బస్సెక్కి విజయవాడ దాకా వచ్చిన డాక్టర్లకి, వెనక వరసల్లో కూర్చున్న పశుసంవర్ధక సహాయకులకి పేరుపేరునా నమస్కారం. పశురోగ నిర్ధారణలో అంతర్జాతీయ శిక్షణ గురించి మాట్లాడమన్నారు. ఇందాక టీ దగ్గర నన్ను పట్టుకున్నవాళ్లంతా ఏ దేశం వెళ్లొచ్చు సార్, ఎన్ని వారాలు, ఖర్చులు ఎవరిస్తారు అనే అడిగారు. అడగాల్సిందే, చివర్లో అదీ చెప్తాను. కానీ నేను వచ్చింది ఒక్క మాట కోసం. బయటి దేశంలో నేర్చుకున్న పని తిరిగొచ్చాక కూడా ఆ డాక్టర్ చేతిలోనే ఉండాలి, ఆ చేతి నుంచి ఊళ్లో శాంపిల్ తీసే మనిషి దాకా దిగాలి. ఈ రెండూ జరక్కపోతే ఇంటికొచ్చేది గోడకి తగిలించుకునే సర్టిఫికెట్టే.

2025 ఫిబ్రవరి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తణుకు దగ్గర వేల్పూరులో, అవతల పెరవలి మండలం కానూరు అగ్రహారంలో కోళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. కోడి తల వాచి, మెడ వాల్చేసి, పచ్చగా పారుకుంటూ చచ్చిపోతే అది కొక్కెర తెగులా, బర్డ్ ఫ్లూనా అన్నది ముప్పయ్యేళ్ల సర్వీసున్న డాక్టరైనా కంటితో చూసి చెప్పలేడు, రెండూ అంతగా ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. తేడా మాత్రం చిన్నది కాదు. బర్డ్ ఫ్లూ అని తేలితే కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. శాంపిల్స్ భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబుకి వెళ్తే అక్కడ బర్డ్ ఫ్లూ వైరసే, హెచ్5ఎన్1 రకం అని తేల్చారు. అలాంటి వైరస్‌ని ఆఖరుగా తేల్చే చోటు అదే, అది అక్కడే ఉండాలి కూడా. కానీ ఆ శాంపిల్‌ని సరిగ్గా తీసి, సరిగ్గా కట్టి, చల్లదనం పోకుండా పంపాల్సింది మనం. ఫలితం వచ్చేదాకా ఫారం రైతుకీ టెన్షనే, కలెక్టర్‌కీ టెన్షనే, ఇక్కడ బెజవాడలో చికెన్ కొట్టు పెట్టుకుని బతికేవాడికీ టెన్షనే.

అసలు పశురోగాల సంగతి ఒకరికొకరు చెప్పుకోవాలని దేశాలన్నీ ఒకచోట కూర్చోవడం వెనక మన పశువులే ఉన్నాయి. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కి ఓడలో వెళ్తున్న మూపురం పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో దిగాయి, వాటితోపాటు మందలకి మందల్నే చంపే ముసర వ్యాధీ, అదే రిండర్‌పెస్ట్, దిగింది. యూరప్ హడలిపోయింది. ఆ దెబ్బతోనే 1924లో పారిస్‌లో 28 దేశాలు సంతకాలు పెట్టి ఒక సంస్థ పెట్టుకున్నాయి, ఇప్పుడు మనం ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అంటున్నది దాన్నే. ఆ ముసర మన దేశంలో ఆఖరుగా కనపడింది 1995లో, ప్రపంచం మొత్తం మీద లేదని ప్రకటించింది 2011లో. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో రోగం అది.

ఆ ఘనత టీకాది, నేను కాదనను. కానీ టీకా ఆపేశాక రోగం నిజంగా లేదని రుజువు చెయ్యాలంటే లక్షల సీరం శాంపిల్స్ పరీక్షించాలి, ఒక దేశం ల్యాబు చెప్పింది ఇంకో దేశం నమ్మాలి. ఇక్కడే వియన్నా పక్కన సైబర్స్‌డార్ఫ్ ల్యాబులు పనికొచ్చాయి. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి 1964లో ఒక ఉమ్మడి విభాగం పెట్టాయి, ఆ ల్యాబులు దానివే. అణుశక్తికీ గేదెకీ ఏంటి సంబంధం అని చాలామంది అడుగుతారు. రక్తంలో అతి తక్కువ మోతాదులో ఉన్న పదార్థాన్ని ఐసోటోపుల సాయంతో కొలిచే పద్ధతి ముందొచ్చింది, దాని దారిలోనే 1971లో రోగం తాలూకు గుర్తుల్ని రంగు మార్పుతో పట్టిచ్చే ఎలీసా పరీక్ష వచ్చింది, తర్వాత వైరస్ జన్యువుని కోట్ల రెట్లు పెంచి పట్టుకునే పీసీఆర్ వచ్చింది. ఆఫ్రికా ల్యాబులన్నిటికీ ఒకే రకం ఎలీసా కిట్టు, ఒకే పద్ధతి, ఒకే శిక్షణ ఇచ్చి ముసర మీద నిఘా నడిపించింది వాళ్లే. ఈరోజు పీసీఆర్, జీన్ సీక్వెన్సింగ్ నేర్పిస్తున్నదీ వాళ్లే.

ఇక నాకు బాగా ఇష్టమైన విషయం. అమెరికాలో 1929 తర్వాత గాలికుంటు, అంటే పశువు నోట్లో, గిట్టల దగ్గర పుళ్లు లేపే రోగం, లేదు. మరి అక్కడి డాక్టర్ ఆ రోగాన్ని ఎప్పుడు చూడాలి? న్యూయార్క్ దగ్గర ప్లమ్ ఐలాండ్ అనే దీవిలో, గట్టి కట్టుదిట్టాల మధ్య, పశువులకి కావాలని రోగం ఎక్కించి ఏళ్ల తరబడి చూపించారు. యూరప్ వాళ్లయితే తమ డాక్టర్లని టర్కీకి, కెన్యాకి పంపిస్తారు, రైతు కొట్టంలో నిలబెట్టి నోరు తెరిపించి చూపించడానికి. వాళ్లు వేల మైళ్లు వెళ్లి చూసేది మన పిల్లలకి హౌస్‌సర్జన్సీలోనే కళ్ల ముందుంటుంది. మనం వెళ్లేది మెషీన్ నేర్చుకోవడానికి, వాళ్లొచ్చేది రోగం చూడ్డానికి. కాబట్టి అక్కడికెళ్లి తల దించుకుని కూర్చోవాల్సిన పనేం లేదు.

కానీ వాళ్లు చూసే తీరు మాత్రం మనం నేర్చుకోవాల్సిందే. మనం ఏం చేస్తాం? గేదె చొంగ కారుస్తోంది, కుంటుతోంది, నోట్లో పుళ్లు, గాలికుంటు అని రాసి ఇంజెక్షన్ చేసి బండెక్కుతాం. వాళ్లు పుండు వయసు లెక్కకడతారు. బొబ్బ ఇంకా పగల్లేదంటే మొదటి రోజు. పగిలి, పొర వేలాడుతూ, కింద ఎర్రగా పచ్చిగా, అంచు కత్తితో కోసినట్టు ఉంటే రెండో రోజు. అంచు మొద్దుబారి పసుపు పొర పట్టడం మొదలైతే మూడో రోజు, ఆ పొర బాగా దట్టమైతే నాలుగో రోజు. వారానికి మచ్చ కట్టడం మొదలవుతుంది. కొట్టంలో అన్నిటికంటే పాత పుండు ఏ పశువుదో పట్టుకుని, అక్కడి నుంచి రెండు రోజుల నుంచి పద్నాలుగు రోజుల దాకా వెనక్కి లెక్కపెడతారు. ఆ రోజుల్లో ఈ కొట్టానికి ఎవరొచ్చారు, ఏ సంతలో కొన్న పశువు దిగింది, పాలవాడు ఏ ఊరి నుంచి వచ్చాడు? రైతు భార్యని అడిగితే అన్నీ చెప్తుంది, "మొన్న ఏకాదశి నాడు మా మరిది పడ్డదూడని తోలుకొచ్చాడండి" అని తిథితో సహా చెప్తుంది. అడిగే అలవాటు మనకి ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు, మెషీన్ అక్కర్లేదు.

తర్వాత శాంపిల్. ఫీల్డులో ఉన్నవాళ్లు కాస్త జాగ్రత్తగా వినండి. గాలికుంటుకి కావాల్సింది అప్పుడే పగిలిన బొబ్బ మీది పొర, ఒక గ్రాము ఉంటే బంగారం. దాన్ని గ్లిజరాల్ కలిపిన బఫర్‌లో వెయ్యాలి, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి, ఎందుకంటే ఆ వైరస్ కాస్త పులుపు తగిలినా చచ్చిపోతుంది. ఐస్ మీద పెట్టాలి. చేతికందింది కదా అని ఫార్మలిన్ సీసాలో వేస్తే వైరస్ అక్కడే సరి, ఇంక దాన్ని పెంచడం ఎవరివల్లా కాదు. పీసీఆర్‌కి రక్తం పంపేటప్పుడు ఈడీటీఏ ట్యూబులో పంపండి, హెపారిన్ ట్యూబు వద్దు. రెండూ రక్తం గడ్డకట్టకుండా ఆపేవే, కానీ హెపారిన్ పీసీఆర్ చర్యనే అడ్డుకుంటుంది, రోగం ఉన్నా లేదని వస్తుంది. ఒళ్లంతా గడ్డలు లేచే లంపీ స్కిన్‌ రోగానికి అయితే గడ్డ మీది చెక్కు గిల్లి పంపితే చాలు, అందులో వైరస్ దండిగా ఉంటుంది. ఈ కాసిని మాటలు ఊళ్లో ఉన్న సహాయకుడికి తెలియకపోతే, నగరంలో ఎన్ని లక్షలు పోసి మెషీన్ కొన్నా అది చెడిపోయిన శాంపిల్‌నే పరీక్షిస్తుంది.

నేను శిక్షణకి వెళ్లిన చోట ఒకరోజు జరిగింది చెప్తాను. పీసీఆర్ ల్యాబులో మూడు గదులుంటాయి. మందులు కలిపే శుభ్రమైన గది, శాంపిల్ నుంచి డీఎన్ఏ తీసే గది, మెషీన్ ఉండే గది. నడక ఒకే వైపు, మూడో గదిలో తొడిగిన కోటుతో మొదటి గదిలోకి అడుగు పెట్టనివ్వరు. ప్లేటులో మన శాంపిల్స్‌తోపాటు ఉత్త నీళ్లు వేసిన గుంట ఒకటి ఉంటుంది, అందులో ఏమీ దొరక్కూడదు, అదే నెగెటివ్ కంట్రోల్. మెషీన్ తెర మీద గీత లేచిందంటే ఆ గుంటలో రోగం దొరికినట్టు. ఆరోజు తెర మీద శాంపిల్స్ గీతలు చక్కగా లేస్తున్నాయి, మా బల్ల దగ్గరున్న ఇథియోపియా డాక్టర్, నేను సంబరపడుతున్నాం, అంతలో మెషీన్ ముప్పై ఆరో విడత, అంటే సైకిల్, దగ్గర నీళ్ల గుంటలో కూడా సన్నగా గీత లేచింది. నేర్పించే ఆవిడ ఒక్క క్షణం చూసి, ప్లేటు మొత్తం పారెయ్యమంది. పాజిటివ్‌లు స్పష్టంగా ఉన్నాయి కదా మేడమ్ అంటే, ఈ ఫలితంతో ఒక రైతు పశువుల్ని చంపించమని సంతకం పెడతావా అని అడిగింది. మేం మళ్లీ మొదట్నుంచి చేశాం. మెషీన్ బటన్లు ఎవరైనా నేర్చుకుంటారు. పారెయ్యాల్సిన ఫలితాన్ని నిజంగా పారేసే ధైర్యం మాత్రం అలా చేసేవాళ్ల పక్కన నిలబడితేనే వస్తుంది. విదేశీ శిక్షణ కావాలని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

రింగ్ ట్రయల్ అని ఇంకొకటుంటుంది. పెద్ద ల్యాబు ఒకటి నంబర్లు మాత్రమే రాసిన ట్యూబులు దేశదేశాలకీ పంపిస్తుంది, ఏది పాజిటివో ఏది నెగెటివో మనం తేల్చి రాయాలి, మన చేయి ఎంత నమ్మకమైందో బయటపడుతుంది. మన దగ్గర ఇది జిల్లా స్థాయి ల్యాబుల దాకా రావాలి. భయపడాల్సింది ఏమీ లేదు, తప్పు ఎక్కడుందో మన ల్యాబులోనే తెలిస్తే రైతు కొట్టందాకా వెళ్లదు.

ఇంకో సంగతి, పిల్లలూ. అక్కడ మొదటి క్లాసు ఎప్పుడూ గ్లవ్స్ ఎలా తొడుక్కోవాలి, ఎలా విప్పాలి అనే. మనం మాయ పడని గేదెకి, చూడి ఈసుకుపోయిన గేదెకి ఉత్త చేతులతో పని చేస్తున్నాం. అందులో చూడి పోయేలా చేసే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉంటే ఆ రోగం మీకూ వస్తుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు. మన వృత్తిలో ఎంతమంది పెద్దవాళ్లు ఆ నొప్పులతో రిటైరయ్యారో మీ సీనియర్లనే అడగండి. దాన్ని పట్టే రోజ్ బెంగాల్ అనే రక్త పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. ముందు మీ రక్తం పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం. నాకు తెలిసిన ఒక డాక్టర్ నెలలపాటు బయటి దేశంలో రియల్ టైమ్ పీసీఆర్ నేర్చుకొచ్చాడు, మంచి చేయి. వచ్చీ రాగానే ఆఫీసు సీట్లో వేశారు. బడ్జెట్ ఫైళ్లు, పథకాల లెక్కలు, వీడియో కాన్ఫరెన్సులు. అతను వాడాల్సిన మెషీన్ మీద గుడ్డ కప్పి ఉంది, ఫ్రీజర్‌లో కిట్ల గడువు అయిపోయింది. చేతి పని రోజూ చెయ్యకపోతే పోతుంది, నాట్లేసే మనిషిని ఏళ్లపాటు గట్టు మీద కూర్చోబెడితే వరస తప్పినట్టే. ఇందులో ఏ ఒక్కరి తప్పూ లేదు, ట్రాన్స్‌ఫర్ల పద్ధతే అలా ఉంది. అందుకే పద్ధతినే మార్చమంటున్నాను.

ఇక మీరు అడిగిన ప్రశ్నలు. అణుశక్తి సంస్థ ఫెలోషిప్పులు ప్రభుత్వం ద్వారానే వెళ్లాలి, సొంతంగా అప్లై చేస్తే కుదరదు, కాబట్టి మీ పని కాగితం మీద కనిపించేలా కేసు రికార్డులు రాసిపెట్టుకోండి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థకి ట్విన్నింగ్ అని ఒక కార్యక్రమం ఉంది, అందులో పెద్ద ల్యాబు ఒకటి చిన్న ల్యాబుతో జతకట్టి ఏళ్లపాటు చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఒక మనిషిని కొన్ని వారాలు పంపడం కంటే ఇది చాలా మేలని నా అభిప్రాయం. గాలికుంటు మీద యూరప్ వాళ్ల సంఘం ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది, పుండు వయసు కట్టడం అందులో ఫొటోలతో నేర్పిస్తారు. వీసా దాకా ఆగక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు.

ముందు వరసలో ఉన్న అధికారులకి నా విన్నపం. ఈసారి ఎవరినైనా శిక్షణకి పంపేటప్పుడు ఆ ఆర్డరులోనే ఇంకో మూడు లైన్లు చేర్చండి. తిరిగొచ్చాక కనీసం మూడేళ్లు ఆ డాక్టర్‌ని ల్యాబు నుంచి కదపకూడదు. ఆ మూడేళ్లకీ కిట్లు, రీఏజెంట్ల డబ్బు ముందే పక్కన పెట్టాలి. వచ్చిన ఆరు నెలల్లోపు తన పరిధిలోని సహాయకులందరికీ శాంపిల్ తియ్యడం కొట్టంలోనే, పశువు పక్కన నిలబడి నేర్పించాలి. ఇందులో ఏది కష్టమో చెప్పండి, ఇప్పుడే మాట్లాడుకుందాం. మైక్ అటు ఇవ్వండి.