మళ్లీ చదువులోకి రాగలరా?

(విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, పని మానుకుని ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మీకు పరీక్షల టెన్షన్ ఉందని తెలుసు. అయినా ఈ మాట పరీక్షలకు ముందే చెప్పాలి. రిజల్ట్స్ వచ్చాక వినే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంటర్ అవగానే కాలేజీలో చేరాలా, కొన్నాళ్లు ఆగాలా? మన జిల్లాల్లో ఈ ప్రశ్న పిల్లల్ని ఎవరూ అడగరు. రిజల్ట్స్ వస్తాయి, పిల్లల్ని చేర్పించుకోవడానికి కాలేజీలు పంపే పీఆర్వోలు ఇంటికొస్తారు, మేనమామ ఒకటి చెబుతాడు, పక్కింటివాళ్లు ఇంకొకటి చెబుతారు. చూస్తుండగానే మీరు ఏదో ఒక క్లాసులో కూర్చుని ఉంటారు. ఆ తొందర నాకు నచ్చదు. అలాగని అందరినీ ఆగమని చెప్పడానికీ రాలేదు.

ఈ ఊళ్లో చదువు గురించి మాట్లాడేటప్పుడు గురజాడ అప్పారావు గారు గుర్తుకు రాకుండా ఉండరు. ఆయన 1884లో ఎఫ్.ఏ. పాసయ్యారు. ఇప్పటి ఇంటర్ లాంటిదే అది. ఆ ఏడాదే ఇక్కడి మహారాజా వారి హైస్కూల్లో టీచరుగా చేరారు. 1886లో బి.ఏ. పూర్తి చేశారు. తర్వాత మహారాజా కాలేజీలోనే లెక్చరర్ అయ్యారు. ఆయన ప్రతిభ సంగతి అలా ఉంచండి. పని చేసిన ఊళ్లోనే కాలేజీ ఉంది, చేసిన పని కూడా చదువుకు దగ్గరగా ఉన్న పని. అందుకే ఉద్యోగంలో చేరినా డిగ్రీ చేతికొచ్చింది. మీరు ఏ దారి ఎంచుకున్నా నేను అడిగేది ఇదొక్కటే: అక్కడి నుంచి మళ్లీ చదువులోకి రాగలరా?

ముందు లాంగ్ టర్మ్ కోచింగ్ సంగతి చూద్దాం, అంటే ఇంటర్ అయ్యాక ప్రవేశ పరీక్ష కోసమే ఏడాది ఆగి చదవడం. ఐఐటీ సీట్ల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లు మాత్రమే, రెండుసార్లే రాయనిస్తారు. డాక్టర్ చదువు కోసం రాసే నీట్‌కు అలాంటి హద్దు లేదు. అందుకే నీట్ పిల్లల గురించి నాకు భయం ఎక్కువ. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అనుకుంటూ, ఇరవై రెండేళ్లు వచ్చినా ఇంటర్ సర్టిఫికెట్ తప్ప ఏమీ లేనివాళ్లను చూశాను. సీటుకు కొద్ది మార్కుల దూరంలో ఆగిపోతే ఒక ఏడాది ఇవ్వండి, తప్పులేదు. దూరం చాలా ఉంటే మాత్రం బీఎస్సీయో, నర్సింగో, ఫార్మసీయో చూడండి. ఇంకో సంగతి, ఇంజనీరింగ్, ఫార్మసీ ప్రవేశాలకు రాసే ఈఏపీసెట్ ర్యాంకు ఆ ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది. ఇప్పుడు వదిలేస్తే వచ్చే ఏడాది మళ్లీ రాయాల్సిందే.

తెల్లవారకముందే రోడ్ల మీద పరుగెత్తే కుర్రాళ్లు మన ఊళ్లలో ఎంతమందో! ఆర్మీ అంటే మన దగ్గర ఉన్న గౌరవం చిన్నది కాదు. ఆర్మీలోకి కుర్రాళ్లను తీసుకునే అగ్నివీర్ పథకంలో సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు ఇంటికొస్తారు. దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీలో అగ్నివీరుల కోసమే డిగ్రీ కోర్సు పెట్టారు. వెళ్లేవాళ్లు దాని గురించి చేరకముందే కనుక్కోండి.

ఇంట్లో అప్పులుండి పైడిభీమవరం ఫార్మా కంపెనీలకో, హైదరాబాద్‌కో పనికి వెళ్లే పిల్లలను నేను ఏమీ అనను. తండ్రికి ఆసరా కావడం గొప్ప సంగతే. కానీ ఇంటర్‌తో వెళ్తే హెల్పర్‌గా తీసుకునే చోట, కెమిస్ట్రీ డిగ్రీతో వెళ్తే ల్యాబ్‌లో పని దొరకొచ్చు. కాబట్టి పనిలో చేరిన ఏడాదే దూరవిద్యలో పేరు నమోదు చేసుకోండి. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2022లో మరోసారి స్పష్టం చేసింది. దీనికి ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, సొంత డబ్బు కట్టాలి. అయినా కట్టండి. రెండేళ్లు జీతానికి అలవాటు పడ్డాక పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో పట్టుకున్నవాళ్లనే అడగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆడపిల్లల తల్లిదండ్రులు దయచేసి వినండి. మగపిల్లాడు ఏడాది ఆగితే ఖాళీగా ఉన్నాడంటారు. ఆడపిల్ల ఆగితే సంబంధాలు చూస్తారు. ‘ఒక్క ఏడాది ఇంట్లో ఉండనీ, తర్వాత చేర్పిద్దాం’ అని నాతో చెప్పి వెళ్లిన తల్లిదండ్రులు తర్వాత శుభలేఖతో వచ్చారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పిల్ల ఇంట్లో కనబడుతుంటే చుట్టాలు ఊరుకోరు, అంతే. అందుకే అమ్మాయిల విషయంలో నా మాట వేరు. దగ్గర్లో డిగ్రీ సీటు వచ్చినా సరే, వెంటనే చేర్పించండి. ఆగడం వల్ల ఇంకా మంచి సీటు వస్తుందన్న ఆశకన్నా, చదువు పూర్తిగా పోతుందన్న భయం పెద్దది. 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సు చార్జీల వల్ల చదువు ఆపాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

మగపిల్లల విషయంలో నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మార్కులు లేవు, ఇష్టమూ లేదు, అయినా పొలం తాకట్టు పెట్టి, కాలేజీ యాజమాన్యమే సీట్లిచ్చే మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్. ఆ కోటా సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందనుకుని చేరకండి. నా దగ్గర చదివిన ఒకబ్బాయి అలాగే చేరాడు. మొదటి ఏడాదే బ్యాక్‌లాగ్‌లు పడ్డాయి, మానేస్తానన్నాడు. మిగతా ఏళ్ల ఫీజు కడితేగానీ సర్టిఫికెట్లు ఇచ్చేది లేదన్నారు కాలేజీవాళ్లు. వాటి కోసం తిరుగుతూ ఇంకో డిగ్రీలో చేరే గడువు పోగొట్టుకున్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సంగతి ఆ కుటుంబానికి చెప్పినవాళ్లు లేరు. లెక్కలంటే ఇష్టముండి ఇంజనీరింగ్ కావాలనుకునే పిల్లవాడు, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది. కాలం ఎక్కువ పడుతుంది, నిజమే. పొలం మాత్రం మిగులుతుంది.

డిగ్రీ మధ్యలో ఆగితే? 2020 జాతీయ విద్యా విధానంలో ఏడాది చదివితే సర్టిఫికెట్, రెండేళ్లు చదివితే డిప్లొమా అని ఉంది. మీరు చేరబోయే కాలేజీలో దాన్ని ఎలా అమలు చేస్తున్నారో చేరేముందే అడగండి.

చివరిగా, వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం. హాల్ టికెట్, ర్యాంక్ కార్డు, ఓటీపీ వచ్చే ఫోను, ఈ మూడూ ఏ పీఆర్వో చేతికీ ఇవ్వొద్దు. ఆప్షన్లు పిల్లలే పెట్టాలి, పక్కన అమ్మో నాన్నో ఉండాలి. కంప్యూటర్ అలవాటు లేకపోతే మా లెక్చరర్లను అడగండి, దగ్గరుండి పెట్టిస్తాం.

ఇక మీరు అడగండి. వెనక వరసలో కూర్చున్న అమ్మలు ముందు అడిగితే బాగుంటుంది. మీకు మళ్లీ బస్సు టైము అవుతుంది.