కోలెసిస్టెక్టమీ: ఎక్కడ విరవాలి, ఎక్కడ ఒత్తాలి

శ్రోతలకు నమస్కారం. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో ఒక మాట కనిపిస్తుంది: కోలెసిస్టెక్టమీ. ఊళ్లో ఉన్న బంధువులకు ఫోన్లో చదివి వినిపించబోతే సగంలోనే నాలుక తడబడుతుంది. డాక్టర్లకూ ఓపిక లేదేమో, వాళ్లలో వాళ్లు ‘లాప్ కోలీ’ అని తేల్చేస్తారు.

ఇవి గ్రీకు ముక్కలు. కోలె అంటే పైత్యరసం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. మొత్తంగా పిత్తాశయాన్ని, అంటే గాల్‌బ్లాడర్‌ను, తీసేయడం. ఆ పని మొదట చేసింది 1882లో, బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘చోలె’ అనేవాళ్లున్నారు. కొలెస్టరాల్‌ను ‘చొలెస్టరాల్’ అనం కదా, ఇదీ ఆ కుటుంబమే.

అర్థం విరిగే చోట పలుకు విరగదు. నోటికి వచ్చేసరికి అది కో, లె, సిస్, టెక్, ట, మీ. ‘సిస్ట్’ చివరి టకారం వెళ్లి ‘ఎక్’తో కలిసిపోయింది. వాడు, ఎక్కడ కలిసి ‘వాడెక్కడ’ అయినట్టే.

ఇంగ్లీషులో ఊనిక, అంటే ఒత్తి పలకడం, ‘టెక్’ మీద పడుతుంది. చివరి నుంచి మూడోది అన్నమాట. అపెండెక్టమీ, టాన్సిలెక్టమీ అన్నా అంతే. కార్డియాలజీలో ‘ఆ’ మీద, ఎండోస్కోపీలో ‘డో’ మీద పడేదీ ఈ లెక్కనే. మనం అన్ని అక్షరాలనూ సమంగా పలుకుతాం. దానికి సిగ్గుపడక్కర్లేదు, డాక్టరుకు అర్థమవుతుంది.

అసలు భయం మధ్యలో అక్షరం మింగేయడంతోనే. ‘లెసిస్టెక్’ కాస్తా ‘లెక్’గా కుదించుకుపోతే వినేవాళ్లకు ‘కోలెక్టమీ’ అని వినిపిస్తుంది. అది పెద్దపేగును తీసేసే ఆపరేషన్! పాత ఆపరేషన్లేమిటని కొత్త డాక్టరు అడిగినప్పుడు ఈ తేడా చిన్నది కాదు. మాట తిరగకపోతే ‘గాల్‌బ్లాడర్ తీసేశారండీ’ అనేయండి, వచ్చీరాని పలుకు కన్నా అదే నయం.

నేర్చుకోవాలనుకుంటే మాత్రం తోక నుంచి మొదలుపెట్టండి. టమీ. టెక్టమీ. సిస్టెక్టమీ. లెసిస్టెక్టమీ. కోలెసిస్టెక్టమీ. నోరు తిరిగాక ముందు ‘లాపరోస్కోపిక్’ తగిలించండి. ఆ చిన్న రంధ్రాల పద్ధతిలో ఈ ఆపరేషన్ మొదలైంది 1985లో, అదీ జర్మనీలోనే.