బుకింగ్ కడితేనే టెస్ట్ డ్రైవ్ అంటున్నారా? నెల్లూరు, ఒంగోలు షోరూంలలో నేను చూసింది ఇదీ

అందరికీ నమస్కారం. ఈరోజు కారు ఇంజిన్ గురించో మైలేజీ గురించో కాదు, ఆ కారుని మన చేతికిచ్చి నడపనిచ్చే షోరూంతో ఎలా మాట్లాడాలో చెప్తాను. కొత్తగా వచ్చి జనం ఎగబడుతున్న బండి ఏదైనా సరే, ఇప్పుడు అసలు తలనొప్పి అక్కడే మొదలవుతోంది. నేను చెప్పేది ఒక్కటే మాట: నడపకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఈ వీడియో అంతా ఆ మాట మీద గట్టిగా నిలబడటం ఎలా అన్నదే.

ముందు ఆ ఊపు ఏ స్థాయిలో ఉంటుందో చూడండి. మహీంద్రా వాళ్ళ ఎస్‌యూవీ థార్ రాక్స్‌కి 2024 అక్టోబర్ 3న బుకింగ్స్ తెరిస్తే, మొదటి గంటలోనే 1,76,218 బుకింగ్స్ వచ్చాయని కంపెనీయే ప్రకటించింది. గంటలో! వాళ్ళల్లో ఎంతమంది స్టీరింగ్ పట్టుకుని చూసి డబ్బు కట్టుంటారు చెప్పండి? ఇలాంటి అంకెలు వార్తల్లో వచ్చాక మనం షోరూంకి వెళ్తే, అక్కడ మాట తీరే మారిపోతుంది. మనం కొనేవాళ్ళం అన్న సంగతి పక్కకు పోయి, వాళ్ళు మనకి బండి ఇచ్చి ఉపకారం చేస్తున్నట్టు మాట్లాడతారు.

మా బావది కోవూరు. మొన్నటిదాకా పాత హ్యాచ్‌బ్యాక్ నడిపాడు, ఇప్పుడు ఇంట్లో ఐదుగురూ సర్దుకుని కూర్చునే ఎస్‌యూవీ కావాలని, బాగా డిమాండ్‌లో ఉన్న ఒక కొత్త మోడల్ మీద మనసు పడ్డాడు. కారు పేరు, షోరూం పేరు చెప్పను, కామెంట్లలో ఎంత అడిగినా చెప్పను. నాకు కావాల్సింది ఒకరి పరువు తీయడం కాదు, మీ డబ్బు జాగ్రత్తగా ఉండటం.

నెల్లూరులో వెళ్ళిన చోట డెమో కారు కళ్ళ ముందే ఉంది. కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు కట్టి ఉంది. టెస్ట్ డ్రైవ్ కావాలంటే సేల్స్ అబ్బాయి, "ముందు బుకింగ్ పెట్టుకోండి సార్, బుక్ చేసినవాళ్ళకే ప్రయారిటీ, నచ్చకపోతే క్యాన్సిల్ చేసుకోవచ్చు" అన్నాడు. బావ మొహమాటస్తుడు, సరేలే ఇరవై ఒక్క వెయ్యే కదా అని జేబులో ఫోన్ తీశాడు. నేను ఆపాను. క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుంది, ఏమన్నా కోస్తారా, ఆ మాట కాగితం మీద రాసిస్తారా అని అడిగితే, "మేనేజర్‌ని అడగాలి సార్" అన్నాడు. అడగడానికి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా జాగ్రత్తగా వినండి. టెస్ట్ డ్రైవ్ రిజిస్ట్రేషన్ అని చెప్పి బావ నంబర్ తీసుకున్నారు, ఓటీపీ వచ్చింది, చెప్పమన్నారు. మెసేజ్ తెరిచి చూస్తే అది టెస్ట్ డ్రైవ్‌ది కాదు, బుకింగ్ ఫారం కన్ఫర్మ్ చేసే ఓటీపీ. డబ్బు ఇంకా కట్టలేదు కాబట్టి నష్టమేమీ జరగలేదు, కానీ మన పేరు వాళ్ళ లెక్కలో బుకింగ్‌గా ఎక్కేది. కాబట్టి ఓటీపీ వచ్చినప్పుడు అంకెలు మాత్రమే కాదు, పైన ఉన్న వాక్యం మొత్తం చదవండి. షోరూంలో ఏసీ చల్లగా ఉంది, కాఫీ ఇచ్చారు, పాపం అబ్బాయి మంచిగా మాట్లాడుతున్నాడు అని చదవకుండా చెప్పేయకండి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ అబ్బాయిల తప్పు చాలా తక్కువ. నెలకి ఇన్ని బుకింగ్స్ అని పైనుంచి టార్గెట్ ఉంటుంది, ఉన్న ఒక్క డెమో కారు కోసం కావలి నుంచి గూడూరు దాకా జనం వస్తారు. ఊరికే నడిపి పోదామని వచ్చే కుర్రాళ్ళూ ఉంటారు. అందుకే వాళ్ళ మీద అరవొద్దు. "తమ్ముడూ, నేను కొనడానికే వచ్చాను, నడిపాక నచ్చితే మీ దగ్గరే బుక్ చేస్తా, ఎప్పుడు స్లాట్ ఇస్తావో చెప్పు" అని నెమ్మదిగా, కానీ వెనక్కి తగ్గకుండా అడగండి. వాట్సాప్‌లో రోజు, టైమ్ రాయించుకోండి. శని ఆదివారాలు వద్దు, వారం మధ్యలో పొద్దున షోరూం తెరిచేసరికి వెళ్ళండి. ఇంకో మంచి ఉపాయం, మన వైపు శూన్య మాసంలో ఎవరూ బండి ఇంటికి తెచ్చుకోరు కదా, ఆషాఢంలోనో పుష్యంలోనో షోరూంలు ఖాళీగా ఉంటాయి. అప్పుడు నడిపి చూసుకోండి, డెలివరీ ముహూర్తం తర్వాత పెట్టుకోవచ్చు. అదే శ్రావణంలోనో దసరా ముందో వెళ్తే, మీరు అడిగింది వినే తీరిక కూడా అక్కడ ఎవరికీ ఉండదు.

నెల్లూరులో కుదరకపోతే ఒంగోలు వెళ్ళండి, నూట ఇరవై కిలోమీటర్లు, హైవే మీద రెండు గంటల ప్రయాణం. మేమూ అదే చేశాం. అక్కడ ఫోన్ చేసి లైసెన్స్ ఫొటో పంపితే మరుసటి రోజుకే స్లాట్ ఇచ్చారు, పైసా అడగలేదు. అబ్బాయి వెనక సీట్లోకి వెళ్ళి అక్కని ముందు కూర్చోమన్నాడు. ఒకే కంపెనీ, ఒకే కారు, మర్యాదలో ఇంత తేడా. పైగా, అక్కడ కొంటే నంబర్ వేరే జిల్లాది వస్తుందేమో అని చాలామంది అడుగుతుంటారు. ఏపీ 26, ఏపీ 27 రోజులు పోయాయి, 2019 నుంచి కొత్త బండ్లకి జిల్లా నంబర్లు లేవు, ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతా ఒకటే సిరీస్. కాబట్టి ఆ బెంగ వద్దు. చెన్నై మాత్రం నడిపి చూడటానికి పర్వాలేదు గానీ, కొనాలంటే వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్ వ్యవహారం, నేనైతే వద్దనే అంటాను.

సరే, తాళం చేతికి వచ్చింది. ఇప్పుడు ఏం చూడాలి?

మొట్టమొదట, మీరు కొనబోయే వేరియంటేనా అది? డెమో కార్లు చాలావరకు టాప్ మోడల్, ఆటోమేటిక్. బావ కొనాలనుకున్నది మధ్య రకం, డీజిల్ మాన్యువల్. టాప్ మోడల్‌లో పెద్ద అలాయ్ చక్రాలు, కింది దాంట్లో చిన్న చక్రాలు, మందం ఎక్కువ ఉన్న టైర్లు. గుంతలో పడినప్పుడు రెండూ ఒకేలా ఉండవు. ఇంజిన్, గేర్‌బాక్స్ అయినా మీరు కొనేవే ఉండాలని పట్టుబట్టండి. అది దొరకదంటే దొరికే చోటు వెతుక్కోండి. మాన్యువల్ కొనేవాడు ఆటోమేటిక్ నడిపి తెలుసుకునేది సీటు మెత్తదనం వరకే.

రెండోది, దారి. వాళ్ళు ఎప్పుడూ నున్నటి రోడ్డు మీద ముందుకు తీసుకెళ్ళి, యూటర్న్ కొట్టించి తెచ్చేస్తారు. మీరు రోజూ తిరిగే దారి అడగండి. నెల్లూరులో అయితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో దిగి ఎక్కించండి, ఎదురుగా బండ్లు ఆగినప్పుడు ఆ ఎక్కుడులో క్లచ్ ఎలా ఉందో, కారు వెనక్కి జారుతుందో లేదో తెలుస్తుంది. వీఆర్సీ సెంటర్‌లో సాయంత్రం ట్రాఫిక్‌లో పది నిమిషాలు చాలు, ఎడమ కాలే చెప్తుంది ఈ బండి మనకి సరిపోతుందో లేదో. కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్ళేవాళ్ళు లారీ వెనక పడి ఓవర్‌టేక్ చేసి చూడండి, మీరొక్కరే కాకుండా కారు నిండా మనుషులతో, ఏసీ వేసి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు ఎక్కితే ఇంకా మంచిది, మన నెల్లూరు మే నెలలో వెనక సీటుకి చల్లగాలి ఎంతసేపటికి చేరుతుందన్నది బ్రోచర్లో ఉండదు.

మూడోది, ఇంటివాళ్ళని తీసుకెళ్ళండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం అంటాను నేను. మా బావ వాళ్ళ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. డెమో కారులో ఆమె కమ్మీ పట్టుకుని, కింద మెట్టు మీద కాలు పెట్టి సులువుగానే ఎక్కింది, అందరం సంతోషపడ్డాం. అప్పుడు అక్క వంగి చూసి, "ఈ మెట్టు కారుతో పాటే వస్తుందా?" అని అడిగింది. రాదు, అది విడిగా డబ్బు పెట్టి బిగించిన యాక్సెసరీ. అత్తని దించి, ఈసారి మెట్టు వాడకుండా ఎక్కమన్నాం. ఒక కాలు లోపల పెట్టింది, రెండోది లేవలేదు, డోర్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అబ్బాయి పరిగెత్తుకొచ్చి చేయి అందించాడు. ఆ మెట్టు ఖర్చు ఆ క్షణాన మా లెక్కలోకి వచ్చింది. ఇంట్లో కూర్చుని ఎన్ని వీడియోలు చూసినా, నావి కూడా కలిపి, ఇది తెలిసేది కాదు.

నడిపే ముందు సంతకం పెట్టించే కాగితం ఒకటి ఉంటుంది, అందులో గీత పడినా దెబ్బ తగిలినా ఎవరు కట్టాలని రాసుందో చదవండి. కారు చుట్టూ ఒకసారి తిరిగి ముందే ఉన్న గీతల్ని ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఒరిజినల్ లైసెన్స్ ఉండాలి, ఎల్ఎల్ఆర్‌తో నడపనివ్వరు, అది న్యాయమే.

ఇక నచ్చింది, బుక్ చేద్దామన్నారు. అసలు ఒత్తిడి ఇక్కడ మొదలవుతుంది. "ఈరోజు కాకపోతే వెయిటింగ్ పెరుగుతుంది, జనవరిలో రేటు పెరుగుతుంది." జనవరిలో కంపెనీలు రేట్లు పెంచడం మామూలే, అబద్ధమేమీ కాదు. కానీ ఈరోజు బుక్ చేసినంత మాత్రాన ఈరోజు రేటు ఖాయం అవ్వదు, మామూలుగా డెలివరీ నాటి రేటే వర్తిస్తుందని బుకింగ్ షరతుల్లోనే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గినప్పుడు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి అదే కలిసొచ్చింది కూడా. కాబట్టి రేటు భయంతో తొందరపడొద్దు. డబ్బు కంపెనీ వెబ్‌సైట్లోనో షోరూం ఖాతాకో కట్టి రసీదు తీసుకోండి, ఏ సేల్స్ అబ్బాయి సొంత నంబర్‌కీ ఫోన్‌పే చేయొద్దు, ఎంత తెలిసినవాడైనా సరే.

కొటేషన్ విడివిడిగా రాయించుకోండి. ఎక్స్ షోరూం, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీస్, అన్నీ. పది లక్షలు దాటిన కారుకి 1 శాతం టీసీఎస్ ఉంటుంది, అంటే అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, అది పోయే డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ మూడేళ్ళది 2018 నుంచి తప్పనిసరి, అయితే దాన్ని షోరూంలోనే తీసుకోవాలన్న రూల్ లేదు, బయట అడిగి చూడండి, తేడా మీకే కనపడుతుంది. "మా యాక్సెసరీస్ కిట్ తీసుకుంటే డెలివరీ ముందు ఇస్తాం" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఒకటి కొనాలంటే ఇంకోటి కొనాలని కట్టిపెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్బంధ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఆ మాట రాసిమ్మని అడగండి చాలు, చాలాచోట్ల అక్కడికక్కడే ఆ షరతు మాయమవుతుంది. వినకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

బావ ఒంగోలులోనే బుక్ చేశాడు, మెట్టుతో కలిపి, కిట్ లేకుండా. బండి వచ్చిన రోజు యార్డులోనే చాసిస్ నంబర్, షోరూం ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్ అయిన ఫారం 21లో తయారీ నెల, టైర్ల మీద తేదీ, అన్నీ కెమెరా ముందే చూపిస్తూ వీడియో చేస్తాను. ఈలోపు మీ ఊళ్ళో ఎక్కడన్నా టెస్ట్ డ్రైవ్‌కి డబ్బు అడిగితే, షోరూం పేరు రాయకుండా జరిగింది జరిగినట్టు కింద కామెంట్లో పెట్టండి, నాకు తెలిసినంత వరకు ప్రతిదానికీ జవాబిస్తాను.