లెక్కల క్లాసులో ట్యాబ్: పెన్ను సంగతి, స్లైడర్ సంగతి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ ట్యాబ్, దీని పెన్ను కంపెనీవాళ్లు ఉచితంగా పంపినవి. డబ్బులేమీ తీసుకోలేదు. ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత అన్నవి మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసుంటారు, నేను మళ్లీ చదవను. పదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. క్లాసులో ఇది పనికొస్తుందా లేదా, అదొక్కటే నా గోల.

పెన్ను సంగతి ముందు తేల్చేద్దాం, ఒళ్లు మండిపోతోంది. డబ్బా మీద పామ్ రిజెక్షన్ అని గొప్పగా వేశారు. అంటే రాసేటప్పుడు అరచెయ్యి స్క్రీన్‌కి ఆనినా గీతలు పడకూడదు. ఇదిగో చూడండి, భిన్నం రాస్తున్నా. పైన లవం, అడ్డగీత, కింద హారం మొదలుపెట్టానో లేదో, చిటికెన వేలి పక్కన ఇంకో గీత పడింది! వెనక బెంచీ నుంచి "సార్, అది మైనస్సా?" అంటారు. అడగరా మరి? చెరిపితే దాంతోపాటు హారం కూడా పోయింది. చెయ్యి గాల్లో ఉంచి రాస్తే పర్వాలేదు గానీ, పీరియడంతా అలా రాస్తే భుజం పడిపోతుంది. నా పాత ట్యాబ్‌కి రబ్బరు మొన స్టైలస్ ఉండేది, దానికంటే ఇది నయం. అంతవరకే.

ఇప్పుడు అసలు సరుకు. జియోజీబ్రా అనే లెక్కల యాప్. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టారు, స్కూళ్లకు ఉచితం. యాప్ ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా గ్రాఫులు గీస్తుంది. మన స్కూళ్లకి అదే కదా కావాల్సింది!

ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు ఎక్స్ ప్లస్ సి అని ఇచ్చాను. సి కి స్లైడర్ వచ్చింది, అంటే వేలితో జరిపితే సి విలువ మారే మీట. 3 దగ్గర పెట్టా, పరావలయం, అంటే ఈ గిన్నెలాంటి వంపుగీత, ఎక్స్ అక్షాన్ని 1 దగ్గర, 3 దగ్గర కోస్తోంది. మెల్లగా జరుపుతున్నా... రెండు బిందువులూ దగ్గరకొస్తున్నాయి చూశారా? 4 దగ్గర రెండూ కలిసిపోయి, 2 దగ్గర అక్షాన్ని తాకి నిలబడింది. ఇంకాస్త జరిపితే గాల్లోకి లేచిపోయింది. విచక్షణి, అంటే గీత అక్షాన్ని ఎన్నిచోట్ల కలుస్తుందో చెప్పే బి స్క్వేర్ మైనస్ నాలుగు ఏ సి, ధనాత్మకం, సున్నా, రుణాత్మకం అని పిల్లలు బట్టీపట్టేది ఇదే! గ్రాఫు కాగితం మీద ఈ మూడూ గీసేసరికి బెల్లు కొట్టేస్తారు. ఇక్కడ పిల్లాడే వేలితో జరుపుతాడు, ఎక్కడ ఆపాలో వాడే కనిపెడతాడు. నాకైతే ఇది ఎన్నిసార్లు జరిపినా విసుగు రాదు.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది, లోపల బైజూస్ పాఠాలతో. అలాంటివి ఇంట్లో ఉంటే జియోజీబ్రా పడుతుందేమో చూడండి. వీడియో పాఠాలు మంచివే, కానీ అందులో లెక్క చేసేది వేరేవాళ్లు. 2024లో ఐప్యాడ్‌కి మ్యాథ్ నోట్స్ వచ్చింది, ఈక్వల్ టు గుర్తు రాస్తే జవాబు అదే వేసేస్తుంది. పదో తరగతిలో స్టెప్పులకు మార్కులండీ బాబూ, అది పిల్లల చేతికి ఇవ్వకండి!

స్క్రీన్ ఎండలో సరిగ్గా కనపడదు, స్పీకర్ మామూలే. అయినా లెక్కల టీచర్లు కొనొచ్చు. పెన్నుతో కలిపి ఇచ్చే ఆఫర్ మాత్రం వదిలేయండి, స్టెప్పులు నోట్‌బుక్‌లోనే రాయించండి. నేను చూపించిన గ్రాఫు లింకు కింద పెట్టాను.