కుర్చీని ముందు బోర్లా పెట్టండి

అందరికీ నమస్కారం. పాత నగిషీ కుర్చీకి వెల కట్టడం ఎలాగో చెప్పమని పిలిచారు. ఇక్కడ వేదిక మీదున్న చేతుల కుర్చీ నిర్వాహకుల్లో ఒకరి ఇంటి నుంచి వచ్చింది. రోజ్‌వుడ్. వీపు నిండా ద్రాక్ష తీగలు, చేతుల కొసన సింహం తలలు. లోపలికి వస్తూ చాలామంది ఆ సింహాలను నిమిరి చూశారు. నేను మాత్రం ముందు దీన్ని బోర్లా పెడతాను. పైభాగం పదిమంది చూడ్డానికి చేసింది. అడుగున ఎవరు చూస్తారులే అని వడ్రంగి ధీమా. అందుకే అక్కడ అబద్ధాలు తక్కువ.

సీటు చట్రం లోపలివైపు చూడండి. తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉన్న గీతలు చేతిరంపానివి. విల్లులా వంగిన గీతలు కనిపిస్తే అది గుండ్రటి యంత్రపు రంపం కోసిన చెక్క. ఇక మరలు, అంటే స్క్రూలు. బాగా పాత మరకు మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది. తల మీది గాడి కూడా సరిగ్గా నడిమధ్యన పడదు. మొనదేలిన యంత్రపు మరలు 1840ల తర్వాతే వచ్చాయి. ఈ కుర్చీకి ఒకచోట ప్లస్ గాడి మర ఉంది. అలాంటివి 1930ల్లో వచ్చాయి. అంతమాత్రాన కుర్చీ కొత్తదైపోదు, ఎవరో రిపేరు చేయించారంతే. నాలుగు మూలలా అవే ఉంటే మాత్రం అనుమానించాలి.

లేత్ మీద, అంటే చెక్కను తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం మీద తీసిన కాలును రెండు వైపులా కొలవండి. చెక్క ఎండేకొద్దీ పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. ఆ తగ్గడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. అందుకే గుండ్రంగా తీసిన కాలు వందేళ్లకు కాస్త కోలగా మారుతుంది. ఇక్కడ ఒకవైపు 41 మిల్లీమీటర్లు, ఇంకోవైపు 40. పురుగు తొలిచిన చోట పైకి చిన్న చిన్న బెజ్జాలే కనిపించాలి. కాలువలా పొడుగాటి సొరంగం బయటపడి ఉంటే, ఏ పాత దూలాన్నో కోసి కొత్తగా కుర్చీ చేశారన్నమాట.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా బోల్తా పడతారు. అమెరికాలో 17వ శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీలకు గొప్ప పేరుంది. రోడ్ ఐలండ్ శిల్పి ఆర్మండ్ లామోంటేన్ 1969లో అలాంటిదొకటి సొంతంగా తయారుచేశాడు. ముసలితనం తెప్పించడానికి దానికి పెట్టాల్సిన హింసంతా పెట్టి, బయటికి వదిలాడు. అది చేతులు మారి చివరికి హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చేరింది. వాళ్లు 9,000 డాలర్లు పెట్టి కొన్నారు. 1977లో అసలు సంగతి బయటపడింది. ఎక్స్‌రే తీస్తే లోపలి బెజ్జాలు ఈ కాలపు డ్రిల్ బిట్‌తో వేసినవని తేలింది. నిపుణులను పరీక్షించాలని ఆయన కావాలనే ఆ ఆనవాలు వదిలిపెట్టాడు. మ్యూజియం ఆ కుర్చీని పారేయలేదు, నకిలీలను ఎలా పట్టుకోవాలో నేర్పడానికి దాచుకుంది. ఆ పని నాకు భలే నచ్చింది.

ఇప్పుడు నగిషీ దగ్గరికి వద్దాం. ఎంత చెక్కితే అంత ధర అనుకుంటాం. అదేం లేదు. 19వ శతాబ్దంలో బొంబాయి పనివాళ్లు రోజ్‌వుడ్ మీద ఖాళీ అనేదే లేకుండా చెక్కిన కుర్చీలు బోలెడు. పని అద్భుతం, కానీ బరువు, నలుపు. ఈనాటి ఫ్లాట్లలో వాటిని ఎక్కడ పెడతారు? ఐరోపాలోనూ అలాంటి ముదురు రంగు పాత ఫర్నిచర్ ధరలు ఈ పాతికేళ్లలో బాగా పడిపోయాయి. నేనైతే ఉలి దెబ్బ లోతు చూస్తాను. తీగ చుట్టూ చెక్కను శుభ్రంగా, లోతుగా తీశారా, పైపైన గీశారా? రెండు సింహాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయా? ఉంటే యంత్రపు పని కావచ్చు. ఇక్కడ ఎడమ సింహం మూతి కాస్త పొట్టి. మంచిదే.

మరి కోట్లు పలికేవి ఏవి? పారిస్‌లో స్థిరపడిన ఐర్లండ్ కళాకారిణి ఐలీన్ గ్రే 1917-19 మధ్య చేసిన డ్రాగన్ల కుర్చీ 2009లో క్రిస్టీస్ వేలానికి వచ్చింది. ముందు వేసిన అంచనా 20 నుంచి 30 లక్షల యూరోలు. పలికింది 2 కోట్ల 19 లక్షలు! ఎవరు చేశారో తెలుసు, మొదట ఎవరింట్లో ఉందో తెలుసు, అమ్ముతున్నది ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ సేకరణ నుంచి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని దంతపు కుర్చీల ముందు జనం ఆగేదీ పనితనం కోసం మాత్రమే కాదు. ఫ్రాన్స్ రాజు 16వ లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపాడన్న కథే వాళ్లను ఆపుతుంది. మన ఇళ్లలోనూ 'దొరగారు ఇచ్చింది', 'జమీందారు కూర్చున్నది' అంటుంటారు. మాటకు వెల కట్టలేం. ఆ కుర్చీ కనిపించే పెళ్లి ఫొటో, పాత బిల్లు, పంపకాల కాగితం, ఏదో ఒకటి వెతకండి.

అందాకా దాని జోలికి వెళ్లకండి. గరుకు కాగితం పెట్టి రుద్ది, పాలిష్ కొట్టి తళతళలాడించి తెస్తారు, పైగా శుభ్రం చేశామండీ అంటారు. చేతులు తాకీ తాకీ వచ్చిన నిగారింపు వందేళ్ల ఆస్తి. అది పూట తిరక్కుండా పోతుంది. పొడి గుడ్డతో తుడవండి, చాలు.

ఇక ధర. బీమా కోసం కట్టే వెల ఎక్కువ, వేలంలో వచ్చేది అంతకన్నా తక్కువ, కొట్టువాడు ఇచ్చేది ఇంకా తక్కువ. అన్నదమ్ముల పంపకాలకు బీమా లెక్క పట్టుకుంటే గొడవ ఖాయం. కమిషన్ పోగా వేలంలో చేతికి ఎంత వస్తుందో అదే న్యాయమైన లెక్క.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మన విశాఖపట్నం 18వ శతాబ్దంలో చెక్కలో దంతం పొదిగే పనికి పేరుపడింది. అప్పటి వస్తువులు కొన్ని ఇప్పుడు లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి. అలాంటి కుర్చీ మీ అటక మీద ఉంటే సంతోషం, కానీ ఏనుగు దంతపు వస్తువులు అమ్మడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఉంచుకోవడానికీ కాగితాలు కావాలి.

ఇందాక ఒకాయన అడిగారు, అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపొచ్చా అని. వందేళ్లు దాటిన కళాఖండాలను మనంతట మనం దేశం దాటించకూడదు. అదే 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ఆ మాట చెబుతోంది. వందేళ్లు నిండలేదని మీకు నమ్మకముంటే పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి. పార్సిల్ వాడిని ఆ తర్వాతే పిలవండి.