కడప బండలు పరిచిన గదికి ఎలాంటి స్పీకర్లు నప్పుతాయి?

నమస్కారం. కడపలోని మా ఇంట్లో, నేను రోజూ ఆఫీసు పని చేసుకునే గదిలోనే ఈ వీడియో తీస్తున్నాను. ఈ గది పొడవు పది అడుగులు, వెడల్పు పది అడుగులు, కప్పు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. నేలంతా నల్లటి కడప బండలు, చుట్టూ సిమెంటు గోడలు, ఒక వైపు కిటికీ. మన వైపు చాలా ఇళ్లలో గదులు ఇలాగే ఉంటాయి కనుక, ఖరీదైన స్పీకర్లు కొనదలచినవారు ధర కంటే ముందు గది సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడతాను, వినండి. చప్పుడు ఆగిన వెంటనే, రేకు డబ్బాను గోటితో మీటినట్లు సన్నని మోత ఒకటి వినిపించింది కదా? ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ పరుగెత్తడం వల్ల పుట్టే మోత అది. ఇలాంటి గదిలో గాయకుల సకారాలు, తాళాల చప్పుడు, వయొలిన్ పై స్థాయి స్వరాలు మరింత పదునెక్కుతాయి. దుకాణంలో ఐదు నిమిషాలు విన్నప్పుడు ‘ఎంత స్పష్టంగా ఉందో’ అనిపించే స్పీకరు, ఇంట్లో రోజంతా పని చేస్తూ వింటే చెవులను అలసిపోయేలా చేయడానికి చాలావరకు ఈ పదునే కారణం.

కింది స్థాయి శబ్దాల కథ వేరు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది; పది అడుగుల ఎడంతో, అంటే 3.05 మీటర్ల దూరంలో, ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 56 సార్లు కంపించే కింది స్థాయి స్వరం దగ్గర, శబ్దం నిలిచి ఉబ్బుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉంటే ఆ ఉబ్బు మూడు దిక్కుల నుంచీ ఆ ఒక్క స్వరం మీదే వచ్చి పడుతుంది. ఈ లెక్క చూసుకోకుండా, కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలోని పెద్ద హాలులో విని మురిసిపోయి, నేల మీద నిలబెట్టే నడుమెత్తు స్పీకర్లను నేను కొని తెచ్చుకున్నాను. ఇక్కడ కచేరీ పెడితే మృదంగం ఎడమ వైపు దెబ్బలు ఒకదాని నుంచి మరొకటి విడిపడక, పక్క ఇంట్లో రోకటితో దంచుతున్నట్లు వినిపించేవి. మా అమ్మ వంటింట్లో నుంచి వచ్చి, ‘ఏం రా, లోపల బండలు దొర్లిస్తాండావా?’ అని అడిగింది. ఆరు నెలలకే వాటిని నష్టానికి అమ్ముకున్నాను.

ఇలాంటి గదిలో, బల్ల ముందు మూడు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని వినేవారికి చిన్న స్పీకర్లే తగినవని నా అభిప్రాయం. దగ్గరగా కూర్చున్నప్పుడు గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దం కంటే స్పీకరు నుంచి నేరుగా వచ్చే శబ్దమే చెవికి ఎక్కువగా అందుతుంది. 1970ల తొలినాళ్లలో బీబీసీ ఇంజినీర్లు ఇరుకైన ప్రసార వ్యాన్లలో వినడం కోసమే ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకరును రూపొందించారు. కింది స్థాయి శబ్దాన్ని పెంచడానికి చాలా స్పీకర్ల పెట్టెలకు పెట్టే రంధ్రం, అడుగు ఎత్తున్న ఆ పెట్టెకు ఉండదు. వెనుక రంధ్రమున్న పెట్టెను గోడకు ఆనించి పెడితే కింది స్థాయి మరింత ఉబ్బుతుంది కనుక, గోడకు దూరంగా జరపడానికి చోటు లేనివారు పూర్తిగా మూసిన పెట్టెనో, ముందు వైపు రంధ్రమున్న పెట్టెనో ఎంచుకోవడం మంచిది. గోడ గూటిలోనో అలమారాలోనో మాత్రం ఎంత మంచి స్పీకరునైనా దూర్చకండి.

వాట్ల గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. ఒక వాటుకు మీటరు దూరంలో 83 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) మాత్రమే ఇచ్చే స్పీకరుకు కూడా, పని చేస్తూ వినే 70 డెసిబెల్స్ స్థాయికి వాటులో ఇరవయ్యో వంతు సరిపోతుంది. హఠాత్తుగా లేచే శబ్దాలకు మరికొన్ని వాట్లు కావాలి, అంతే.

అసలు పరీక్ష తక్కువ శబ్దంలోనే ఉంది. శబ్దం తగ్గించిన కొద్దీ మన చెవికి కింది స్థాయి స్వరాలు మిగతావాటి కంటే ఎక్కువగా తగ్గినట్లు తోస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి దుకాణానికి మీకు బాగా తెలిసిన కచేరీ ఒకటి తీసుకువెళ్లి, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటే వినిపించేంత స్థాయికి తగ్గించమని అడగండి. అమ్మేవారు సాధారణంగా పెంచడానికే చూస్తారు. అంత తక్కువలో కూడా తంబురా శ్రుతి తెగకుండా, గాత్రం పలుచబడకుండా అరగంట వినగలిగితే ఆ స్పీకరును నమ్మవచ్చు. మే నెలలో ఇక్కడ ఫ్యాను ఐదో నంబరులోనే తిరుగుతుంది. ఆ హోరులో వినపడని సూక్ష్మమైన తేడా కోసం రెట్టింపు ధర పెట్టడం నాకు సమ్మతం కాదు.

తెచ్చిన తరువాత వాటిని బల్ల మీద కాకుండా, బల్ల వెనుక స్టాండ్ల మీద, పైనున్న చిన్న ట్వీటరు, అంటే పై స్థాయి స్వరాలు పలికే భాగం, మీ చెవి ఎత్తుకు వచ్చేలా నిలబెట్టండి. మీరు కుర్చీలో కూర్చుని, మరొకరిని పక్క గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లమనండి; అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ, పాత చీరలతో కుట్టిన బొంతను వేలాడదీయండి. నేల మీద జంపఖానా పరిస్తే పై స్థాయి పదును కొంత తగ్గుతుంది, 56 హెర్ట్జ్ ఉబ్బు మాత్రం దానికి లొంగదు. దానికి స్టాండ్లను జానెడు జానెడు చొప్పున ముందుకు జరుపుతూ, అవసరమైతే కుర్చీని కూడా కదుపుతూ, మృదంగం దెబ్బలు విడివిడిగా వినిపించే చోటు వెతకాలి. ఆ చోటు దొరికాక నల్ల బండ మీద సుద్దముక్కతో గీత గీసి, పైన టేపు అంటించండి. లేకపోతే మరునాడు నేల తుడిచేటప్పుడు గీత చెరిగిపోతుంది.